హవల్దారు సమాధికి మేం వేసిన సున్నం

ఇరవై రెండేళ్లుగా ఒక పుస్తకం బరువు నా మీద ఉంది. తూస్తే కిలో కూడా తూగదు. బీరువాలో నా పెళ్లి పట్టుచీర కింద, పాత దిండు గలీబులో చుట్టి, చుట్టూ కలరా ఉండలు వేసి దాచాను. బీరువా తలుపు తీసినప్పుడల్లా ఆ వాసన ముఖానికి కొడుతుంది. చీరల మీద ఎంత శ్రద్ధో అని ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. మా సంఘంలో పాదిరి దగ్గర మోకరించి తప్పు చెప్పుకునే పద్ధతి లేదు. క్యాథలిక్కుల గుళ్లో ఉంది. చిన్నప్పుడు నా స్నేహితురాలు ఒకతె ఆ చెక్క జాలీ ముందు గబగబా చెప్పేసి వచ్చి, బయట మిరపకాయ బజ్జీలు తినేది. నాకు అసూయగా ఉండేది. మావాళ్లు నేరుగా దేవుడికే చెప్పుకోమంటారు. చెప్పుకున్నాను, ఎన్నోసార్లు. ఆయనకు ముందే తెలుసు కాబట్టి చెప్పినట్టే అనిపించదు. తెలియని మనిషికి చెప్పాలి. విని మొహం చిట్లించగల మనిషికి. అందుకే మీకు చెప్తున్నాను.

మా ఊరి పేరు రాయను. ఏన్కూరు దాటి భద్రాచలం వైపు పోతుంటే, పత్తిచేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉందనుకోండి. నేను టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఖమ్మంలో ఖానాపురం హవేలిలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. నెలకో ఆదివారం మాత్రం బస్సెక్కి ఊరి చర్చికి పోతాం. ఆ సంఘానికి కార్యదర్శిని నేనే. ఇనప్పెట్టె తాళం, పుస్తకాలు, సమాధుల తోట గేటు తాళం అన్నీ నా చేతిలోనే ఉంటాయి. ఆడమనిషికి ఆ పదవి ఇవ్వడం మా ఊళ్లో అదే మొదలు. ఎందుకిచ్చారంటే నా చదువు చూసి కాదు. హవల్దారు దావీదు గారి వంశపుదాన్నని.

ఆ హవల్దారు ఎవరో చెప్పాలి. దానికి ముందు సున్నం సంగతి చెప్పాలి.

మా ఊళ్లో ఈస్టరు ముందు శనివారం సమాధులకు సున్నం వేస్తారు. ఎవరి పెద్దల సమాధికి వాళ్లు. మర్నాడు వేకువ ఆరాధనలో పాస్టరు గారు ఒక్కో సమాధి దగ్గర ఆగి, దానికి సున్నం వేసిన ఇంటివాళ్లను పేరు పెట్టి పిలిచి ప్రార్థన చేస్తారు. వారసులని చెప్పడానికి అక్కడ వేరే కాగితం ఎవరూ అడగరు. చేతులకు సున్నం అంటిందా, అంతే. ఆ తోటలో అన్నిటికన్నా పాతది, పెద్దది హవల్దారు దావీదు సమాధి. నడుమెత్తు ఇటుక కట్టడం. దానికి సున్నం వేసేది మేం. మా ముత్తాత వేశాడు, మా తాత వేశాడు, మా నాన్న వేశాడు. నాన్నకు నేనొక్కదాన్నే. అందుకని ఆయన తర్వాత కుంచె నా చేతికి వచ్చింది.

తెల్లదొరల పటాలంలో చేరి, ఓడెక్కి, బర్మా యుద్ధానికి పోయివచ్చిన సిపాయి ఆయన. ఒక్కడే ఇరవై మందిని నరికాడని మా నాన్న చెప్పేవాడు. మా తాత కాలంలో అది పది. ఆయనకు దొరలిచ్చిన పతకం మా ఇంట్లో ముందుగదిలో, అద్దాల పటంలో ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన కాఫీ కన్నా ముందు దాన్ని చూపిస్తారు. "మా ఆవిడ పుట్టింటి వైపు యుద్ధవీరుల వంశం, అందుకే నేను నోరెత్తను" అని వేళాకోళమాడతారు. ఆ వేళాకోళంలో ఎంత మురిపెం ఉందో నాకు తెలుసు. నా పెళ్లి సంబంధం కూడా ఆ పతకం చూసే కుదిరింది.

హవల్దారుకు గూడెంలో ఇంకో మనిషి ఉండేదని, ఆమె సంతతి వాగు పక్కన చేను చేసుకుని బతుకుతోందని కూడా ఊళ్లో అనుకునేవాళ్లు. మాది చర్చి సంతతి, వాళ్లది గూడెం సంతతి. వాళ్లు ఎదురైతే మేం కాస్త ఎక్కువగానే నవ్వి పలకరించేవాళ్లం. పెద్దింటివాళ్లం కదా.

ఇరవై రెండేళ్ల కిందట మా నాన్న పోయాడు. సమాధి కార్యక్రమంలో పాస్టరు గారు హవల్దారు వంశం గురించి పావుగంట మాట్లాడారు. ఆ తర్వాత నెలకు సంఘం వాళ్లు నాకొక పని అప్పగించారు. సమాధుల రిజిస్టరు పాతబడి పేజీలు పొడిపొడిగా రాలుతున్నాయి. టీచరమ్మ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, కొత్త పుస్తకంలోకి ఎక్కించమన్నారు. వేసవి సెలవులు. సంతోషంగా ఒప్పుకున్నాను. చర్చి వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చుని, రోజుకు పది పేజీల చొప్పున రాసేదాన్ని. చాలావరకు ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఉండేది. పేరు, వయసు, పోయిన రోజు, రోగం.

హవల్దారు దావీదు దగ్గరకు వచ్చేసరికి పేజీ నిండా ఉంది.

అప్పటి పాస్టరు ఎవరో ఆ మనిషిని బాగా ఇష్టపడి ఉంటాడు. చావు రాయాల్సిన చోట బతుకంతా రాశాడు. ఆ పాత గ్రాంథికం ఇక్కడ దింపను. నా మాటల్లో చెప్తాను. ఈసారి ఏదీ వదలను.

దావీదు అసలు పేరు దాసు. సముద్రం వైపు ఊళ్లో నేతపని చేసే ఇంట్లో పుట్టాడు. కరువొచ్చి మగ్గం ఆగిపోతే పటాలంలో చేరాడు. అక్కడే బాప్తిస్మం తీసుకుని దావీదయ్యాడు. బర్మాలో మోకాలికి తుపాకి గుండు తగిలింది. ఆయన్ను హవల్దారును చేసి పతకం ఇచ్చారు. ఇరవై మందిని నరికిన సంగతి ఎక్కడా లేదు. ఉన్నది వేరే. ఒక ఊరు తగలబెట్టమని హుకుం వస్తే వీళ్ల దళం తగలబెట్టింది. ఒక ధాన్యపు కొట్టు ముందు ముసలామె కూర్చుని ఉంది. లేవమంటే లేవలేదు. కొట్టుకు నిప్పు పెట్టింది దావీదే. ఆమె తర్వాత లేచిందా లేదా అన్నది పాస్టరుకు కూడా చెప్పలేదట. తొలకరి పడ్డప్పుడల్లా చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేవాడట.

యుద్ధం అయ్యాక ఇంటికి పోతే అందరూ కలరాకు పోయి ఉన్నారు. కలప వాళ్ల వెంట గోదావరి దాటి ఇటు వచ్చి, అడవిలో దుంగల కొట్టుకు కాపలా ఉన్నాడు. పటాలంలో తనకు వండిపెట్టిన యేసేపు అనే వంటవాడు కూడా వెంట వచ్చాడు. చెడిపోయిన మోకాలికి ఆకుపసరు కట్టిన జోగమ్మ అనే కోయామెతో దావీదు కాపురం పెట్టాడు. వాగు పక్కన పొదలు నరికి ఇద్దరూ చేను చేశారు. సోముడని కొడుకు పుట్టాడు. చర్చిలోకి రమ్మని పాస్టరు అడిగితే, తన వేల్పులు తనకున్నారని చెప్పింది జోగమ్మ. దావీదు బలవంతపెట్టలేదు. ఆదివారం వచ్చి చివరి వరసలో కూర్చుని, ఆరాధన అయ్యాక ఆమె దగ్గరకే పోయేవాడు. ఆయనకు వేరే భార్య లేదు, వేరే బిడ్డ లేడు. ఈ మాట పాస్టరు గారు విడిగా, కొత్త వరుసలో రాశారు. ముందుముందు ఎవరో దీన్ని కాదంటారని తెలిసినట్టు.

కొన్నేళ్లకు అడవిలో దొరల మీద ఫితూరి లేచింది. దారులు తెలిసిన పాత సిపాయిలు వచ్చి దళాలకు తోవ చూపాలని కబురొచ్చింది. రాకపోతే పింఛను ఆపేస్తామన్నారు. దావీదు పోలేదు. ఒక జన్మకు ఒక ఊరు కాల్చింది చాలన్నాడట. పింఛను ఆగిపోయింది. అప్పటినుంచి కుంటికాలితోనే అరక దున్నుకుని బతికాడు.

ఒక వానాకాలం చలిజ్వరంతో పోయాడు. పోయేముందు పాస్టరును పిలిపించి చెప్పి రాయించాడు. చేను జోగమ్మది, సోముడిది. పతకం సోముడు పెద్దవాడయ్యాక వాడికి ఇవ్వాలి, అందాకా యేసేపు దగ్గర ఉంటుంది. సోముడు బాప్తిస్మం లేనివాడు కాబట్టి సమాధుల తోటలోకి రానివ్వరు. రానిచ్చే రోజు వచ్చేదాకా సమాధికి సున్నం వేసే పని కూడా యేసేపుదే. కింద పాస్టరు సంతకం ఉంది. దాని పక్కన, సాక్షిగా, యేసేపు వేలిముద్ర.

యేసేపు మా ముత్తాత.

ఇంట్లో ఆ పేరు మాకు తెలుసు. హవల్దారు గారి కొడుకు పేరుగా తెలుసు. అంటే ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, వంటవాణ్ణి కొడుకుగా మార్చారు. మా తాతా? నాన్నా? లేక ఎవరూ పనిగట్టుకుని మార్చలేదా? ఏటేటా సున్నం వేస్తుంటే ఊరే అలా అనుకుని, మేం కాదనకుండా ఊరుకున్నామా? నాన్నకు నిజం తెలుసా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. తెలియదనే అనుకోవాలని ఉంది. తెలిసి ఉంటే, ఇరవై మంది అని చెప్పేటప్పుడు ఆయన కళ్లు అంతగా మెరిసేవి కావు.

వాళ్ల సంగతి వదిలేయండి. నా సంగతి చెప్పాలి.

నేను పెన్ను మూత పెట్టి, కిటికీలోంచి సమాధుల తోట వైపు చూశాను. మే నెల ఎండ. మొన్న ఈస్టరుకు నా చేత్తో వేసిన సున్నం తళతళలాడుతోంది. తర్వాత మూత తీసి కొత్త పుస్తకంలో ఇలా రాశాను: హవల్దారు దావీదు, చలిజ్వరం. ఒక్క వరుస. నాలుగు పేజీల తర్వాత యేసేపు చావు వచ్చింది. పాత పుస్తకంలో వంటవాడు యేసేపు, ఉత్తరం గోడ పక్కన అని ఉంది. నేను యేసేపు, జ్వరం అని రాశాను. అక్షరాలు ముత్యాల్లాగే వచ్చాయి. చివరి పేజీలో పాతదానికి ఇది సరైన నకలు అని రాసి సంతకం పెట్టాను. పాత పుస్తకం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరైనా అడిగితే చెదలు తినేశాయని చెప్దామనుకున్నాను. అప్పుడు ఎవరూ అడగలేదు.

ఎందుకు చేశాను? అప్పట్లో నాకు నేను చెప్పుకున్న కారణం, నాన్న పరువు. మట్టి ఆరని మనిషి గురించి ఊళ్లో నవ్వుకుంటారేమోనని. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. వంటవాడి వంశం అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. అంతే. బళ్లో మధ్యాహ్నం అన్నం వండే ఆమెను నేను అమ్మా అని పిలిచేదాన్ని, పిల్లల చేత పిలిపించేదాన్ని, ఏ పనీ చిన్నది కాదని నల్లబల్ల మీద రాయించేదాన్ని. నా దాకా వచ్చేసరికి మాత్రం సిపాయే కావాలి. ఆ సిపాయి తుపాకి పారేసి నాగలి పట్టినందుకు గొప్పవాడని కూడా నాకు తట్టలేదు. పతకం వచ్చినందుకే గొప్పవాడు అనుకున్నాను.

ఇంతవరకు అయితే ఇది నా గర్వం గొడవ. చచ్చిపోయిన వాళ్ల మధ్య తగువు. ఎవరి కూడూ పోలేదు. ఇన్నేళ్లు అలాగే సర్దిచెప్పుకున్నాను. అడవి భూములకు పట్టాలిచ్చే చట్టం కింద మళ్లీ దరఖాస్తులు తీసుకుంటుంటే, కిందటేడు ముత్తయ్య మా ఇంటికి వచ్చాడు.

ముత్తయ్య సోముడి మనవడు. యాభై దాటిన మనిషి. వాగు పక్కన ఆ చేనే ఇప్పటికీ చేసుకుంటున్నాడు. గేటు బయటే చెప్పులు వదిలి లోపలికొచ్చాడు. మా ఆయన మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు.

"ఏంది ముత్తయ్యా, గింత దూరం వచ్చినవ్?" అన్నాను.

"పని పడ్డది టీచరమ్మా. అడవి భూములకి పట్టాలిస్తున్నరు గద. కోయోళ్లకి జల్దీ అయితున్నయి. మాకేమో కోయోళ్లమని సర్టిఫికెట్ రాదాయె. మీ ముత్తాత సిపాయి, బయటోడు, మీది తండ్రి దిక్కు లెక్క అంటున్రు. గిరిజనులు కానోళ్లైతే డెబ్బై ఐదేండ్ల సంది, మూడు తరాల సంది ఈడనే ఉన్నట్టు రుజువు తెమ్మంటున్రు."

"చేన్ల రాయి ఉంది గద, మీ పెద్దోళ్లు పెట్టింది?"

"అవ్, ఉంది. హవల్దారు తాత పేరు మీద మా జేజి జోగమ్మ నిలబెట్టిచ్చిన రాయి. ఏటా మొక్కుతనే ఉంటం. ఆ రాయి ఎవరిదైనా కావచ్చంటున్రు. రాయి మీద అక్షరం లేదు గద. మీ చర్చి బుక్కుల తాత పేరు, మా జేజి పేరు, చేను సంగతి రాసుంటదని మా నాయిన చెప్పెటోడు. ఆయన చూడలే, విన్నడంతే. జర చూస్తరా అమ్మా?"

లేచి లోపలికి పోయాను. బీరువా ఉన్న గదిలోకే పోయాను. బీరువా ముందు నిలబడ్డాను. తలుపు మీద చేయి కూడా వేశాను. అప్పుడు ముందుగదిలోంచి మా ఆయన గొంతు వినపడింది. ముత్తయ్యకు పతకం చూపిస్తున్నారు. యుద్ధవీరుల వంశం అంటున్నారు. నేను చేయి తీసేసి, టేబులు మీద ఉన్న కొత్త పుస్తకం తీసుకుని బయటకు వచ్చాను.

"చూడయ్యా, ఉన్నదింతే. హవల్దారు దావీదు, చలిజ్వరం. ఇంకేం లేదు."

"పాతది లేదా అమ్మా?"

"చెదలు తిన్నయి."

అతను ఆ ఒక్క వరుస మీద వేలు పెట్టి, చదవడం రాకపోయినా, కాసేపు చూశాడు. నా మాట అనుమానించాలని కూడా అతనికి తోచలేదు. తర్వాత గోడవైపు తిరిగాడు.

"పోనీ తియ్యుండ్రి. తాతది ఆ బిళ్లనన్న చూసిన. ఒక్కసారి పట్టుకోనా?"

మా ఆయన పటం దించి ఇచ్చారు. ముత్తయ్య చేతులు పంచెకు తుడుచుకుని అందుకున్నాడు. అద్దం మీద నుంచే పతకాన్ని వేలితో తడిమి, కళ్లకు అద్దుకున్నాడు. తన సొత్తును తాను అడిగి, పట్టుకుని, మళ్లీ జాగ్రత్తగా మాకే ఇచ్చేశాడు. "వరసకి నాకు బిడ్డ అయితరు మీరు, గని నోరు తిరుగదమ్మా" అని నవ్వి, చెప్పులేసుకుని, షేర్ ఆటో కోసం మెయిన్ రోడ్డు వైపు నడిచాడు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. నాలుగు అంగలేస్తే అందేవాడు. పిలవలేదు. పిలవకపోవడానికి ఆ రోజు నా దగ్గర ఏ కారణమూ లేదు. నాన్న పోయి ఇరవై ఏళ్లు దాటింది. మట్టి ఎప్పుడో ఆరిపోయింది. మొదటిసారి చేసింది గర్వం అనుకుందాం. ఈసారి చేసింది ఏమిటి? ఒక మనిషి నోటి దగ్గర ముద్ద లాక్కోవడం. దానికి వేరే పేరు వెతికి చూశాను, దొరకలేదు.

ముత్తయ్య దరఖాస్తు తిరగ్గొట్టారు. మూడు తరాల రుజువు లేదన్నారు. అతని చేలో మొక్కలు నాటడానికి అటవీశాఖవాళ్లు గుంతలు తవ్వుతున్నారని ఊళ్లో విన్నాను. విని, పాపం అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను.

పోయిన వారం ఖమ్మం మిర్చి యార్డు దగ్గర రోడ్డు దాటుతుంటే ముత్తయ్య కనపడ్డాడు. భుజం మీద మిర్చి బస్తా ఉంది. తలకు కట్టిన తువ్వాలు ఎర్రబడిపోయింది. ఘాటుకు కళ్లు కారుతున్నాయి. నన్ను చూసి బస్తాతోనే ఆగి, బాగున్నరా టీచరమ్మా అని పలకరించాడు. వీపు మీద అంత బరువుతో ఆగి మరీ. నేను తలూపి వచ్చేశాను. ఇంటికొచ్చి కూర్చున్నాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో కాదు. నా వయసు మీద, నా టీచరు గొంతు మీద, నా ముత్యాల్లాంటి అక్షరాల మీద. అరవై ఏళ్ల దాన్ని, ఇంకా ఎవరికి భయపడుతున్నాను? ఈస్టరు రోజు నా పేరు పిలవరేమోనని ఒక మనిషి చేత బస్తాలు మోయిస్తానా?

వెంటనే బీరువా తీశాను. పుస్తకం బయటికి తీసి ఆ పేజీ మళ్లీ చదివాను. ఆ పేజీలో ఇంతకాలం చూసి కూడా నేను పట్టించుకోని సంగతి ఒకటి అప్పుడు కనపడింది. యేసేపు వేలిముద్ర. పటాలంలో వంటవాడు, అక్షరం రానివాడు, ఆ పేజీలో ఉన్న నిజమంతటికీ తన బొటనవేలితో సాక్ష్యం చెప్పాడు. నేర్పినవాళ్లకే పాఠాలు చెప్పేంత చదివిన నేను దాన్ని ఒక్క వరుసకు కుదించాను. ఆయన ఉత్తరం గోడ పక్కన ఎక్కడో ఉన్నాడు. అక్కడ ఇప్పుడు పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవు. నేనూ, నా వెనకటి వాళ్లూ ఏటేటా ఇంకొకరి సమాధికి మూడు పూతలు సున్నం వేసి, సొంత మనిషిని మాత్రం గడ్డికి వదిలేశాం. సున్నం వరకు ఆయన ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. సోముడు పెద్దవాడయ్యాక పతకం ఎందుకివ్వలేదో మాత్రం ఆ పుస్తకంలో లేదు. ఆయనే ఇవ్వలేదా, మా తాత ఆపాడా? తెలియదు. ఆయన మంచివాడని ఇక్కడ రాయాలని ఉంది. తెలియనిది రాయను. అలాంటి రాతలు ఇప్పటికే చాలా రాశాను.

ఇక చేయాల్సింది. పైకమిటీకి అప్పీలు పెట్టుకోవడానికి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. కనుక్కున్నాను. పాత పుస్తకం ఆ పేజీ మూడు కాపీలు జిరాక్సు తీయించాను. పేజీ రాలిపోతుందని షాపతను భయపడితే, నేనే రెండు చేతులతో పట్టుకుని అద్దం మీద పెట్టాను. పెద్దవాళ్ల వాంగ్మూలం కూడా రుజువుగా తీసుకుంటారట. నా చేత్తో వాంగ్మూలం రాశాను. కొత్త పుస్తకంలో నేను రాసింది సరైన నకలు కాదని, పాత పుస్తకం చెదలు తినలేదని, నేనే దాచానని అందులో ఉంది. రేపు పొద్దున ఏడు గంటల బస్సుకు ఊరికి పోతున్నాను. ముందు ముత్తయ్య ఇంటికి. పతకం అతని చేతికిచ్చి, జోగమ్మ పేరున్న పేజీ అతనికి మొత్తం చదివి వినిపిస్తాను. తర్వాత అతన్ని వెంటబెట్టుకుని అప్పీలు ఇచ్చే ఆఫీసుకు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడి చెప్తాను. తాళాలు అక్కడే బల్ల మీద పెట్టేస్తాను.

ముత్తయ్యను క్షమించమని అడగను. అడిగితే అతను క్షమించేస్తాడు, ఆ మనిషి అలాంటివాడు. అలా తీసుకున్న క్షమ కూడా నాకు ఇంకో దొంగసొత్తే అవుతుంది. అతను తిడితే వింటాను. ఊళ్లోవాళ్లు నవ్వితే నవ్వనీ. పోయిన పంట తిరిగిరాదు, అతను మోసిన బస్తాలు వెనక్కి రావు. పట్టా వస్తుందో రాదో కూడా నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది ఒక్కటే, ఈ మాట చెప్పడం. ఇన్నేళ్లూ అదొక్కటే చేయలేదు.

ఇంకొక్క మనిషికి చెప్పాలి. అన్నిటికన్నా అదే కష్టమని ఇప్పుడు తెలుస్తోంది. మా ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. ఇది రాస్తున్నంతసేపూ అక్కడినుంచి పేజీలు తిప్పిన చప్పుడు వస్తూనే ఉంది. రేపు అప్పీలు ఆఫీసులో అనాల్సిన వాక్యం నోటికి తిరుగుతుందో లేదో చూసుకుందామని పైకి చదివాను.

"నేను హవల్దారు దావీదు వంశపుదాన్ని కాను. ఆయన వంటవాడు యేసేపు మునిమనుమరాలిని. పుస్తకం దాచింది నేనే."

పేపరు చప్పుడు ఆగింది. ఆయన లేచి గుమ్మంలోకి వచ్చారు. ముందు గోడ మీది పటం వైపు, తర్వాత నావైపు చూశారు.

"ఏమన్నావు?" అన్నారు.

మళ్లీ చెప్పాను.